స్కాన్‌లో ఏమీ లేకపోయినా బిళ్ల ఎందుకు తీస్తారు? మెలనోమా లింఫ్ నోడ్లకు పాకిందో లేదో తేల్చే తీరు

అరికాలి మీద మచ్చ తీయించుకున్నారు, ముక్క పరీక్షలో మెలనోమా అనే చర్మ కేన్సర్ అని వచ్చింది, నెల్లూరు నుంచి చెన్నైకో, ఒంగోలు నుంచి గుంటూరుకో హైదరాబాదుకో ఫైలు పట్టుకుని వెళ్లారు. అక్కడ ఇంట్లోవాళ్లను తికమక పెట్టే మాటలు రెండు వినిపిస్తాయి. మొదటిది: స్కాన్‌లో ఏమీ కనపడలేదు, అయినా గజ్జలో ఒక బిళ్ల, అంటే లింఫ్ నోడ్, తీసి చూడాలి. రెండోది ఇంకా విచిత్రంగా ఉంటుంది: ఆ బిళ్లలో కేన్సర్ కణాలు ఉన్నాయి, అయినా మిగతా బిళ్లలు ఇప్పుడు తీయక్కర్లేదు. ఏమీ లేదన్నప్పుడు కోత పెట్టి, ఉందని తేలాక వద్దనడం ఏమిటని ఎవరికైనా అనుమానం వస్తుంది. డబ్బు కోసం చేస్తున్నారని ఒకరు, కేసు చెయ్యిదాటింది కాబట్టి వదిలేస్తున్నారని ఇంకొకరు, చుట్టాలు తలో మాటా అంటారు. ఈ రెండు సలహాల వెనకా గట్టి కారణాలున్నాయి.

క్లుప్తంగా

మెలనోమా తొలిదశలో బిళ్లల్లోకి చేరే కణాల గుంపు ఎంత చిన్నదంటే చేతికి తగలదు, అల్ట్రాసౌండ్‌కీ, ఒళ్లంతా చూపించే పెట్ సీటీ స్కాన్‌కీ కూడా సాధారణంగా దొరకదు. అందుకే మచ్చ ఉన్న చోటి నుంచి లింఫ్ అనే ద్రవం మొట్టమొదట చేరే బిళ్లను గుర్తించి, అదొక్కటే తీసి మైక్రోస్కోప్ కింద చూస్తారు. దీన్నే సెంటినెల్ నోడ్ బయాప్సీ అంటారు. అందులో కణాలు దొరికినా మిగతా బిళ్లలన్నీ తీసేస్తే ఆయుష్షు పెరగడం లేదని 2016, 2017లో వచ్చిన పెద్ద అధ్యయనాలు తేల్చాయి. ఈ పరీక్ష సరిగా జరగాలంటే మచ్చ చుట్టూ వెడల్పుగా కోసే పెద్ద ఆపరేషన్ కన్నా ముందో, దానితో పాటో చేయాలి. మన జిల్లాల్లో ఎక్కువగా దెబ్బతినేది ఈ వరసే.

మన దగ్గర ఇది ఎక్కడ పుడుతుంది

చర్మానికి రంగునిచ్చే కణాలు అదుపు తప్పి పెరిగితే అది మెలనోమా. ఆస్ట్రేలియాలోనూ ఐరోపాలోనూ తెల్లచర్మం వాళ్లకు ఎండ దెబ్బ వల్ల వీపు మీద, కాళ్ల మీద, ముఖం మీద వచ్చేది ఎక్కువ. మన దేశంలో ఇది అరుదు, ఏడాదికి లక్షమందిలో ఒకరికి కూడా రాదు. కానీ వచ్చినప్పుడు చాలావరకు ఎండ తగలని చోట్ల వస్తుంది: అరికాలు, అరచెయ్యి, గోటి కింద, నోటి లోపల, మలద్వారం దగ్గర. కాబట్టి మన చర్మానికి ఇలాంటివి రావులే అన్న ధీమా ఇక్కడ పనికిరాదు. రెగే గాయకుడు బాబ్ మార్లీకి వచ్చింది ఈ రకమే, కాలి గోటి కింద. 1977లో బయటపడింది, 1981లో 36 ఏళ్లకే చనిపోయాడు.

పెన్నా కింద నాట్లు వేసేవాళ్లకు, కందుకూరు, కొండపి వైపు పొగాకు చేలల్లో తిరిగేవాళ్లకు, చీమకుర్తి క్వారీల్లో పనిచేసేవాళ్లకు పాదాల మీద దెబ్బలు, ముళ్లు, ఆనెలు మామూలే. దెబ్బలూ ఒత్తిడీ ఈ జబ్బుకు కారణమా అన్నది శాస్త్రం ఇంకా తేల్చలేదు, చెప్పుల్లేకుండా నడిస్తే మెలనోమా వస్తుందని అనుకోనక్కర్లేదు. అసలు నష్టం వేరే చోట ఉంది. పాదం మీద మచ్చను ఎవరూ లెక్కచేయరు. ఆనెకాయ అనుకుని బ్లేడుతో చెక్కుకుంటారు, పులిపిరి అనుకుని సున్నం, సోడా పెట్టి కాల్చుకుంటారు, షుగర్ ఉంటే అది షుగర్ పుండే అనుకుని నెలల తరబడి కట్లు కట్టించుకుంటారు. కొన్ని మెలనోమాలకు నల్లరంగే ఉండదు, ఎర్రగా దుర్మాంసం పెరిగినట్టు కనిపిస్తాయి, వాటిని పట్టుకోవడం డాక్టర్లకే కష్టం. గోళ్ల విషయంలో ఒక తేడా గుర్తుంచుకోవాలి. మన రంగు వాళ్లకు నాలుగైదు గోళ్లలో గోధుమరంగు గీతలుంటే చాలావరకు అది సహజమే. ఒక్క గోటిలోనే కొత్తగా వచ్చిన గీత రోజురోజుకూ వెడల్పవుతూ, ఆ నలుపు గోరు దాటి చుట్టూ ఉన్న చర్మం మీదికి కూడా వస్తే ఆగకుండా డాక్టరుకు చూపించాలి.

ఇలా ఆలస్యమైన కొద్దీ మచ్చ లోపలికి దిగుతుంది. బిళ్లల కథ అక్కడ మొదలవుతుంది.

కణం గజ్జ దాకా ఎలా చేరుతుంది

రక్తనాళాల నుంచి కొంత ద్రవం ఎప్పుడూ బయటికి ఊరుతూ ఉంటుంది. దాన్ని పోగుచేసి మళ్లీ రక్తంలో కలిపేవి లింఫ్ నాళాలు. ఈ దారిలో అక్కడక్కడా చిక్కుడు గింజ ఆకారంలో బిళ్లలుంటాయి, వచ్చిన ద్రవాన్ని వడపోసి క్రిముల్ని పట్టుకోవడం వాటి పని. కాలికి ముల్లు గుచ్చుకుని చీము పడితే గజ్జలో బిళ్ల కట్టడం ఊళ్లో అందరికీ తెలిసిందే, అది ఈ వడపోత వల్లే.

చర్మం పైపొరలో లింఫ్ నాళాలు ఉండవు. అందుకే మెలనోమా పైపొరకే పరిమితమై ఉన్నంతకాలం పాకదు, మచ్చను పూర్తిగా తీసేస్తే దాదాపు పని అయిపోయినట్టే. కింది పొరలోకి దిగిందంటే అక్కడ సన్నని లింఫ్ నాళాలు అల్లుకుని ఉంటాయి, వాటి గోడలు అతుకులు వదులుగా ఉండి కణాలు దూరడానికి వీలుగా ఉంటాయి. అలా దూరిన కణం ద్రవంతో పాటు కొట్టుకుపోతుంది.

ఎక్కడికి పోతుంది అన్నది గుడ్డి లెక్క కాదు. వరిపొలంలో కాలువ నీళ్లు ముందు పైమడిలో నిండి, అక్కడి నుంచి కింది మడికి, దాని నుంచి ఆ కింది మడికి పారినట్టే, ఒక మచ్చ నుంచి బయల్దేరిన లింఫ్ ముందు ఒకటో రెండో నిర్దిష్టమైన బిళ్లల్లోకి చేరి, తర్వాతే మిగతావాటికి వెళ్తుంది. ఆ మొదటి బిళ్లే సెంటినెల్ నోడ్. అందులో మెలనోమా కణాలు లేకపోతే దాని వెనక ఉన్నవాటిలో ఉండే అవకాశం చాలా తక్కువ.

పాదం నుంచి దారి మామూలుగా గజ్జకు, అప్పుడప్పుడు మోకాలి వెనక గుంటకు. అరచేతి నుంచి చంకకు, కొందరిలో ముందు మోచేతి లోపలి వైపు ఉండే బిళ్లకు. వీపు, తల, మెడ మీద మచ్చలైతే ముందే ఊహించి చెప్పలేం. నడుముకు కాస్త పైన ఉన్న మచ్చ నుంచి దారి ఒక చంకకు పోవచ్చు, రెండు చంకలకూ పోవచ్చు, గజ్జకు కూడా దిగొచ్చు. అందుకే మచ్చ ఎక్కడుందో చూసి ఈ బిళ్లే అయ్యుంటుందని ఊహించి తీయడం తప్పు. దారిని ఫొటో తీసి చూడాల్సిందే.

చెయ్యి, సూది, స్కాన్: దేనికి ఎంత దొరుకుతుంది

మొదట డాక్టరు గజ్జ, చంక, మెడ తడిమి చూస్తారు. ఇది తప్పనిసరి, కానీ రెండు వైపులా మోసం చేస్తుంది. మెలనోమా కణాలున్న చాలా బిళ్లలు తొలిదశలో మామూలు సైజులోనే ఉంటాయి. అదే సమయంలో పొలం పనుల్లో కాళ్లకు తరచూ దెబ్బలు తగిలేవాళ్లకు గజ్జలో చిన్న బిళ్లలు ఎప్పుడూ చేతికి తగులుతూనే ఉంటాయి. టీబీ వల్ల కూడా బిళ్లలు ఉబ్బుతాయి, బోదకాలు పురుగు కూడా గజ్జ బిళ్లల్ని వాచేలా చేస్తుంది. కాబట్టి బిళ్ల తగిలింది కదాని కేన్సరే అనుకుని హడలిపోకూడదు, తగల్లేదు కదాని ఊపిరి పీల్చుకోనూ కూడదు.

అల్ట్రాసౌండ్ అంతకన్నా మెరుగు. మామూలు బిళ్ల పొడుగ్గా ఉంటుంది, మధ్యలో తెల్లని కొవ్వు గీత కనిపిస్తుంది, రక్తం ఆ మధ్య నుంచే లోపలికి వస్తుంది. మెలనోమా చేరిన బిళ్ల క్రమంగా గుండ్రంగా మారుతుంది, మధ్య గీత చెరిగిపోతుంది, అంచుల దగ్గర కొత్త రక్తనాళాలు కనిపిస్తాయి. అంచుల్లో రక్తప్రవాహం అన్నిటికంటే ముందు కనిపించే గుర్తుల్లో ఒకటి. చూసే రేడియాలజిస్టు చెయ్యి తిరిగినవాళ్లయితే కొన్ని మిల్లీమీటర్ల గడ్డను కూడా పట్టుకుంటారు. అంతకన్నా చిన్నవి మాత్రం జారిపోతాయి.

అనుమానం ఉన్న బిళ్లకు సూది పరీక్ష చేస్తారు, మనవాళ్లకు ఎఫ్‌ఎన్‌ఏసీ అనే పేరుతోనే తెలుసు. చేతికి తగిలే బిళ్లకు ఇది చాలా మంచి పరీక్ష, చవక, ఒంగోలులోనూ నెల్లూరులోనూ సులభంగా జరిగిపోతుంది. కణాలు దొరికితే దాదాపు ఖాయం చేసుకోవచ్చు. దొరక్కపోతే మాత్రం లేదని అర్థం కాదు, సూది మొన ఆ చిన్న గుంపును తాకకుండా పక్క నుంచి వెళ్లి ఉండొచ్చు. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం: పాదం మీద మెలనోమా ఉన్న మనిషికి గజ్జ బిళ్ల ఉబ్బితే ముందు సూది పరీక్షే చేయాలి. నేరుగా కోసి బిళ్ల తీసేస్తే తర్వాత చేయాల్సిన ఆపరేషన్ కష్టమవుతుంది.

పెట్ సీటీ మీద నమ్మకం మాత్రం మన దగ్గర అవసరానికి మించి ఉంది. ఖరీదైన స్కాన్, ఒళ్లంతా చూపిస్తుంది, అందులో రాలేదంటే ఇక లేనట్టే అనుకుంటారు. ఈ స్కాన్ పనిచేసే పద్ధతి చూస్తే సంగతి అర్థమవుతుంది. రేడియోధార్మికత కలిపిన గ్లూకోజును ఎక్కిస్తారు, గ్లూకోజును ఎక్కువగా వాడుకునే చోటు వెలుగుతుంది. వెలుగు కనపడాలంటే అక్కడ తగినంత కణాలు పోగుపడాలి, అంటే ఇంచుమించు అర సెంటీమీటరుకు పైబడిన గడ్డ ఉండాలి. సెంటినెల్ నోడ్‌లో దొరికే గుంపులు చాలాసార్లు ఒక మిల్లీమీటరు కూడా ఉండవు. ఇంకో చిక్కు, పుండు చీముపట్టినా గ్లూకోజు వాడకం పెరుగుతుంది. అరికాలి పుండులో ఇన్ఫెక్షన్ ఉన్న మనిషికి గజ్జ బిళ్ల వెలిగితే అది మెలనోమాయో, ఇన్ఫెక్షనో స్కాన్ చెప్పలేదు, ముక్క తీసి చూడాల్సిందే. బిళ్లలు అప్పటికే ఉబ్బి ఉన్నప్పుడు, ఊపిరితిత్తులకో కాలేయానికో పాకిందా అని చూడాల్సి వచ్చినప్పుడు పెట్ సీటీ చాలా విలువైనది. సన్నని మెలనోమాకు, బిళ్లలు మామూలుగా ఉన్నప్పుడు, దానికి పెట్టే డబ్బుకు తగిన జవాబు రాదు.

సెంటినెల్ నోడ్ బయాప్సీ ఎలా చేస్తారు

లండన్ సర్జన్ హెర్బర్ట్ స్నో 1892లోనే, బిళ్లలు ఉబ్బకముందే వాటిని తీసేయాలని వాదించాడు. ఆ తర్వాత వందేళ్ల పాటు సర్జన్లు రెండు వర్గాలయ్యారు: ముందే అన్నీ తీసేద్దామనేవాళ్లు, ఉబ్బేదాకా ఆగుదామనేవాళ్లు. ముందే తీసేస్తే ఎక్కువమందికి అనవసరంగా కాలు వాపు మిగిలేది, ఆగితే కొందరికి ఆలస్యమయ్యేది. 1992లో అమెరికా సర్జన్ డొనాల్డ్ మోర్టన్ బృందం మూడో దారి చూపించింది. మచ్చ చుట్టూ నీలం రంగు ఎక్కించి, ఆ రంగు ముందుగా చేరిన బిళ్లను మాత్రమే తీసి చూడటం. మరుసటి ఏడాది నుంచి రేడియోధార్మిక మందు కూడా వాడుకలోకి వచ్చింది.

ఇప్పుడు జరిగే తీరు ఇది. ఆపరేషన్‌కు ముందురోజో అదేరోజు ఉదయమో న్యూక్లియర్ మెడిసిన్ విభాగంలో, మచ్చ తీసిన గాటు చుట్టూ నాలుగైదు చోట్ల చర్మంలోకి టెక్నీషియం అనే మందును సన్నని సూదితో ఎక్కిస్తారు. అరికాలిలో అయితే ఇది కాస్త గట్టిగానే నొప్పెడుతుంది. తర్వాత గామా కెమెరా ముందు పడుకోబెడితే మందు ఏ నాళం వెంట ఏ బిళ్లకు చేరిందో తెరమీద కనిపిస్తుంది. చర్మం మీద ఆ చోట గుర్తు పెడతారు. ఆపరేషన్ గదిలో మచ్చ దగ్గర నీలం రంగు కూడా ఎక్కించి, గుర్తు ఉన్న చోట చిన్న గాటు పెట్టి, రేడియేషన్ తగిలితే శబ్దం చేసే ప్రోబ్‌తో వెతుకుతారు. శబ్దం ఎక్కువగా వచ్చే బిళ్లను, నీలంగా మారిన బిళ్లను తీసేస్తారు. మామూలుగా ఒకటి నుంచి మూడు. ప్రోబ్‌లో అతి ఎక్కువ రేడియేషన్ చూపించిన బిళ్లతో పోలిస్తే పదోవంతుకు మించి చూపించేవి ఏవైనా మిగిలితే వాటినీ తీయడం వాడుక.

రేడియోధార్మికత అనగానే చాలామందికి టెన్షన్ మొదలవుతుంది. టెక్నీషియం శక్తి ఆరు గంటలకోసారి సగానికి తగ్గిపోతుంది, ఎక్కించే మోతాదూ చాలా తక్కువ, ఇంట్లో పిల్లలకు దూరంగా ఉంచాల్సినంత వ్యవహారం కాదు. ఒకటి రెండు రోజులు మూత్రం నీలి ఆకుపచ్చ రంగులో వస్తే అది ఆ నీలం మందే. ఆ రంగుకు అరుదుగా తీవ్రమైన అలర్జీ వస్తుంది, గతంలో ఏ మందుకైనా అలా జరిగి ఉంటే మత్తు డాక్టరుకు ముందే చెప్పాలి.

ఈ ఆరు గంటల లెక్కే పరీక్ష ప్రతి ఊళ్లో దొరకకపోవడానికి ఒక కారణం. టెక్నీషియంను కొని అలమారాలో పెట్టుకోలేరు. మాలిబ్డినం అనే మరో రేడియోధార్మిక పదార్థం ఉన్న జనరేటర్ నుంచి రోజూ పిండుకోవాలి, ఆ మాలిబ్డినం కూడా 66 గంటల్లో సగమైపోతుంది కాబట్టి జనరేటర్‌ను తరచూ మార్చాలి. దానికి తోడు అణుశక్తి నియంత్రణ మండలి అనుమతులు, గామా కెమెరా, ప్రోబ్, ఇవన్నీ వాడటం తెలిసిన జట్టు కావాలి. కొన్ని చోట్ల ఇండోసయనిన్ గ్రీన్ అనే మెరిసే రంగును ప్రత్యేక కెమెరాతో చూస్తూ ఈ పని చేస్తున్నారు. దానికి రేడియోధార్మికత అక్కర్లేదు, కానీ ఆ వెలుగు చర్మం కింద సెంటీమీటరు రెండు సెంటీమీటర్ల లోతుకు మించి సరిగా కనపడదు.

ల్యాబ్‌లో జరిగే పని

బిళ్లను బయటికి తీయడం సగం పనే. మామూలుగా ఒక బిళ్లను రెండు ముక్కలు చేసి ఒక పొర చూస్తే, అర మిల్లీమీటరు గుంపు పక్క పొరలో దాక్కుని ఉండిపోతుంది. అందుకని సెంటినెల్ నోడ్‌ను పలుచని పొరలు పొరలుగా, వేర్వేరు లోతుల్లో కోసి చూస్తారు. మామూలు రంగుతో పాటు మెలనోమా కణాలను పట్టిచూపే ఎస్100, మెలాన్ ఏ, హెచ్‌ఎంబీ 45, సాక్స్ 10 లాంటి ప్రత్యేక పరీక్షలూ చేస్తారు. దీనికి వారం పది రోజులు పట్టడం మామూలే. ఆపరేషన్ బల్ల మీదే చెప్పేయొచ్చు కదా అని అడుగుతుంటారు. అక్కడికక్కడే గడ్డకట్టించి చూసే ఫ్రోజెన్ సెక్షన్ పద్ధతిలో మెలనోమా కణాల్ని పోల్చడం కష్టం, పైగా అసలే చిన్నదైన ముక్క అందులో పాడవుతుంది, అందుకే మెలనోమాకు దాన్ని వద్దంటారు.

ముక్కను పరీక్షించే డాక్టరును, అంటే పాథాలజిస్టును, తప్పుదారి పట్టించేవి కూడా ఉన్నాయి. పుట్టుమచ్చలో ఉండే మామూలు కణాలే కొందరి బిళ్లల పైతొడుగులో పుట్టుకతో ఉంటాయి, అవి కేన్సర్ కాదు. ఇంకొకటి మన ఊళ్లకు బాగా వర్తిస్తుంది. చేతుల మీద, కాళ్ల మీద పచ్చబొట్టు పొడిపించుకున్న పెద్దవాళ్లలో ఆ రంగు ఏళ్ల తరబడి లింఫ్ వెంట వెళ్లి బిళ్లల్లో పేరుకుంటుంది. కోసి చూస్తే బిళ్ల నల్లగా ఉంటుంది, చూడగానే మెలనోమా అనిపిస్తుంది. మైక్రోస్కోప్ కింద తేడా తెలిసిపోతుంది కానీ, పచ్చబొట్టు ఉందన్న సంగతి కాగితం మీద రాసి పంపితే ల్యాబ్‌వాళ్లకు చాలా మేలు. బామ్మ చేతి మీది పచ్చబొట్టు గురించి డాక్టరుకు చెప్పాలని ఎవరికీ తట్టదు. చెప్పాలి.

కణాలు దొరికితే రిపోర్టులో ఆ గుంపు ఎంత ఉందో మిల్లీమీటర్లలో రాస్తారు. 0.1 మిల్లీమీటరు లోపు ఉన్నదానికీ ఒక మిల్లీమీటరు దాటినదానికీ ముందు ముందు జరిగేదానిలో చాలా తేడా ఉంటుంది.

పరీక్ష నూటికి నూరుపాళ్లు కాదు. బిళ్లల్లో నిజంగా జబ్బు ఉన్నవాళ్లలో పదిమందిలో ఒకరికి పైగా ఇది పట్టుకోలేక, తర్వాత అదే చోట బిళ్ల బయటపడుతుంది. అందుకే నెగెటివ్ వచ్చినా చూపించుకోవడం మానకూడదు.

ఎవరికి కావాలి, ఎవరికి అక్కర్లేదు

ఇది తేల్చేది మచ్చ లోతు. 1970లో అలెగ్జాండర్ బ్రెస్లో అనే పాథాలజిస్టు చూపించిన కొలత ఇప్పటికీ అన్నిటికన్నా ముఖ్యం. చర్మం పైనుంచి మెలనోమా ఎంత లోతుకు దిగిందో మిల్లీమీటర్లలో కొలుస్తారు. 0.8 మిల్లీమీటరు కన్నా తక్కువ ఉండి, పైన పుండు పడకపోతే బిళ్లలకు పాకే అవకాశం నూటికి 5 లోపే, మామూలుగా బయాప్సీ అక్కర్లేదు. 0.8 నుంచి 1 మిల్లీమీటరు మధ్య ఉన్నా, అంతకన్నా పలచగా ఉండి పుండు పడినా అవకాశం నూటికి 5 నుంచి 10, ఇక్కడ డాక్టరుతో కూర్చుని మాట్లాడి నిర్ణయించుకోవాలి. ఒక మిల్లీమీటరు దాటితే చేయించుకోమనే చెబుతారు. బాగా వయసు మళ్లి, గుండె జబ్బులాంటివి ఉండి, ఫలితం ఏదైనా వైద్యం మారదనుకున్నప్పుడు వదిలేయడంలో తప్పు లేదు.

చేతికి తగిలే బిళ్ల ఉండి, సూది పరీక్షలో మెలనోమా అని తేలిపోయినవాళ్లకు ఈ బయాప్సీతో పనిలేదు. వాళ్ల దారి వేరు.

బిళ్లలో ఉందని తేలాక మిగతావి ఎందుకు తీయరు

మోర్టన్ నడిపించిన మొదటి పెద్ద అధ్యయనం ఎంఎస్‌ఎల్‌టీ 1 తుది ఫలితాలు 2014లో వచ్చాయి. మచ్చ మధ్యరకం లోతున్నవాళ్లను చూస్తే, సెంటినెల్ నోడ్‌లో కణాలు లేనివాళ్లలో పదేళ్ల తర్వాత మెలనోమాతో చనిపోకుండా ఉన్నవాళ్లు నూటికి 85 మంది, కణాలు ఉన్నవాళ్లలో 62 మంది. అంటే రాబోయేదాన్ని చెప్పడంలో ఈ పరీక్షకు చాలా బలం ఉంది. కానీ పరీక్ష చేయించుకున్నవాళ్లందరినీ, చేయించుకోకుండా గమనిస్తూ ఉన్నవాళ్లందరినీ పోల్చితే ఆయుష్షులో చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. ఇది వైద్యం కన్నా ఎక్కువగా జబ్బు ఏ దశలో ఉందో చెప్పే పరీక్ష. ఈ మాట రోగికి ముందే చెప్పడం న్యాయం.

తర్వాతి ప్రశ్న, ఒక బిళ్లలో దొరికితే గజ్జ మొత్తం తీసేయాలా? 2016లో జర్మనీ అధ్యయనం, 2017లో 1,900 మందికి పైగా రోగులతో చేసిన ఎంఎస్‌ఎల్‌టీ 2, రెండూ తీసేసినా ఆయుష్షులో లాభం లేదన్నాయి. రెండోదానిలో మూడేళ్లకు మెలనోమాతో చనిపోకుండా ఉన్నవాళ్లు రెండు వైపులా 86 శాతమే. చెయ్యో కాలో వాచిపోవడం మాత్రం బిళ్లలన్నీ తీసినవాళ్లలో 24 శాతం, గమనిస్తూ ఉన్నవాళ్లలో 6 శాతం. కారణం ఇలా అర్థం చేసుకోవచ్చు: చాలామందిలో జబ్బు సెంటినెల్ నోడ్ దగ్గరే ఆగి ఉంటుంది, దాన్ని తీసేయడంతోనే బిళ్లల పని అయిపోతుంది. మిగిలిన కొందరిలో కణాలు అప్పటికే రక్తం ద్వారా దూరం వెళ్లి ఉంటాయి, గజ్జ ఖాళీ చేసినా వాటిని అందుకోలేం.

ఆ 24 శాతం అంకె మన దగ్గర ఇంకా బరువైనది. గజ్జ బిళ్లలన్నీ తీసేసిన కాలు బోదకాలులా వాచితే, ఆ కాలుతో బురదలో దిగి నాట్లు వేయడం, రొయ్యల గుంటల గట్ల మీద తిరగడం కష్టం. చిన్న గీత పడినా ఇన్ఫెక్షన్ పట్టుకుని జ్వరం వస్తుంది. రోజుకూలీ మీద బతికే ఇంటికి అది తిండి పోయినంత పని.

అందుకే ఇప్పుడు బిళ్లలో కణాలు దొరికితే రెండు పనులు చేస్తారు. అల్ట్రాసౌండ్‌తో క్రమం తప్పకుండా చూడటం, జబ్బు దశను బట్టి మందులు ఇవ్వడం. పెంబ్రోలిజుమాబ్, నివోలుమాబ్ లాంటి ఇమ్యూనోథెరపీ మందులు (ఒంట్లోని రోగనిరోధక కణాలను కేన్సర్ మీదికి ఉసిగొల్పేవి) మెలనోమా తిరగబెట్టే అవకాశాన్ని తగ్గిస్తాయి. బీరాఫ్ అనే జన్యువులో మార్పు ఉంటే డాబ్రఫెనిబ్, ట్రామెటినిబ్ మాత్రలు పనిచేస్తాయి, కాబట్టి ఆ పరీక్ష చేయించాలి. అరికాలి రకంలో ఈ మార్పు తక్కువమందిలో ఉంటుంది, ఇమ్యూనోథెరపీ ఫలితం కూడా కాస్త తక్కువే. ఈ మందుల అధ్యయనాల్లో ఎక్కువమంది తెల్లవాళ్లు, వాళ్ల చర్మం మీద ఎండ వల్ల వచ్చిన మెలనోమాలు. ఆ అంకెల్ని మన అరికాలి మెలనోమాకు అలాగే అన్వయించకూడదు.

బిళ్లలు పైకే ఉబ్బి కనిపించేవాళ్లకు పద్ధతి ఈ మధ్య ఇంకో రకంగా మారింది. ముందు ఆపరేషన్ చేసి తర్వాత మందు ఇవ్వడం కన్నా, ముందు కొన్ని డోసులు ఇమ్యూనోథెరపీ ఇచ్చి తర్వాత ఆపరేషన్ చేస్తే మెరుగని 2023, 2024లో వచ్చిన ఫలితాలు చెప్పాయి. 2023 అధ్యయనంలో రెండేళ్లకు జబ్బు తిరగబెట్టడం లాంటి ఇబ్బంది లేకుండా ఉన్నవాళ్లు 72 శాతం, పాత పద్ధతిలో 49 శాతం. గడ్డ ఒంట్లో ఉండగా మందు ఇస్తే రోగనిరోధక కణాలు దాన్ని చూసి గుర్తుపట్టడం నేర్చుకుంటాయన్నది దీని వెనక ఉన్న ఆలోచన. మందుల ధర సామాన్యుడికి అందనిది, ఇది దాచి లాభం లేదు. ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఏ ఆపరేషన్‌కు, ఏ మందుకు ఎంత వస్తుందో ఆసుపత్రిలోని ఆ పథకం కౌంటర్‌లో ఆపరేషన్ తేదీ ఖాయం కాకముందే అడగాలి.

వరస తప్పే చోటు

అన్నిటికన్నా ముందు జరిగే పొరపాటు చిన్న క్లినిక్‌లో, మొదటి కోత దగ్గర. మచ్చను తీస్తారు, ముక్కను పారేస్తారు. ఏడాది తర్వాత గజ్జలో బిళ్ల లేచేదాకా అదేమిటో ఎవరికీ తెలియదు. తీసిన ప్రతి నల్లమచ్చనూ, ముక్క పాడవకుండా ఉంచే ఫార్మలిన్ ద్రవంలో వేసి పరీక్షకు పంపాలి. నీళ్లలోనో స్పిరిట్‌లోనో వేసి పంపితే పనికిరాదు. కాల్చేయడం అసలే వద్దు, కాలిపోయిన ముక్కలో లోతు కొలవలేరు.

రెండో పొరపాటు దీనికి ఎదురు దిక్కున జరుగుతుంది. మెలనోమా అని అనుమానం రాగానే మంచిదే కదాని ఒకేసారి చుట్టూ రెండు సెంటీమీటర్లు వెడల్పుగా కోసి, తొడ నుంచి చర్మం తెచ్చి అతుకుతారు. రోగికి పని పూర్తయిపోయినట్టే అనిపిస్తుంది. కానీ ఆ కోతతో మచ్చ చుట్టూ ఉన్న లింఫ్ నాళాలు తెగిపోతాయి, ఆ తర్వాత రంగు ఎక్కిస్తే అది అసలు మచ్చ వాడిన దారిలోనే వెళ్తుందన్న నమ్మకం తగ్గుతుంది. అప్పుడు కూడా బయాప్సీ చేయొచ్చు, కొన్నిసార్లు చేస్తారు, కానీ మొదటిసారి ఉన్నంత భరోసా ఉండదు. సరైన వరస ఇది: ముందు మచ్చను ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్ల అంచుతో మాత్రమే తీయడం, అరికాలిలో మచ్చ పెద్దదైతే దళసరిగా ఉన్న చోట చిన్న ముక్క తీయడం. తర్వాత రిపోర్టులో లోతు, పుండు చూసుకోవడం. అవసరమైతే వెడల్పు కోత, సెంటినెల్ నోడ్ రెండూ ఒకే ఆపరేషన్‌లో.

మొదటి రెండు అంచెలకు ఊరు దాటనక్కర్లేదు. నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో చర్మవిభాగం, సర్జరీ, పాథాలజీ ఉన్నాయి. మూడో అంచెకు న్యూక్లియర్ మెడిసిన్, కేన్సర్ సర్జరీ ఒకేచోట ఉన్న ఆసుపత్రి కావాలి. నెల్లూరువాళ్లకు దగ్గర్లో చెన్నై, అక్కడ 1954 నుంచి నడుస్తున్న అడయార్ కేన్సర్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. తిరుపతిలో 2022లో టాటా ట్రస్టుల సాయంతో మొదలైన కేన్సర్ ఆసుపత్రి ఉంది. ఎక్కడికి వెళ్లినా బయల్దేరే ముందు ఫోన్ చేసి, మెలనోమాకు సెంటినెల్ నోడ్ బయాప్సీ చేస్తారా అని అడగడం మేలు. రొమ్ము కేన్సర్‌కు నీలం రంగుతో చేసే చోట్లు చాలా ఉన్నాయి, మెలనోమాకు గామా కెమెరాతో చేసేవి అంతకన్నా తక్కువ. వెళ్లేటప్పుడు రిపోర్టు కాగితం ఒక్కటే సరిపోదు. ల్యాబ్ నుంచి ముక్కను భద్రపరిచిన మైనపు బ్లాకులు, స్లైడ్లు అడిగి తీసుకెళ్లాలి, పెద్ద ఆసుపత్రులు వాటిని మళ్లీ చూస్తాయి, కొన్నిసార్లు లోతు కొలత మారుతుంది, దాంతో నిర్ణయమే మారుతుంది.

ఆ తర్వాత చూపించుకోవడానికి ప్రతిసారీ చెన్నై పోనక్కర్లేదు. ఎంఎస్‌ఎల్‌టీ 2లో గమనిస్తూ ఉన్నవాళ్లకు మొదటి రెండేళ్లు నాలుగు నెలలకోసారి, ఆపైన ఐదో ఏడాది దాకా ఆరు నెలలకోసారి బిళ్లల అల్ట్రాసౌండ్ చేశారు. ఈ స్కాన్ ఒంగోలులో, కావలిలో, నెల్లూరులో దొరుకుతుంది. చీటీ మీద ఉత్తగా గజ్జ స్కాన్ అని కాకుండా, ఫలానా కాలి అరికాలిలో మెలనోమా, సెంటినెల్ నోడ్ తీసిన తేదీ, దాని ఫలితం, బిళ్ల ఆకారం, మధ్య గీత, అంచుల్లో రక్తప్రవాహం చూసి రాయమని డాక్టరుతో రాయించుకోవాలి, పాత స్కాన్ ఫిల్ములు కూడా పట్టుకెళ్లి పోల్చి చూడమని అడగాలి.